భయం వేస్తే విశ్వాసం లేనట్టేనా? స్తంభం ఎక్కాలంటే చేతులు వణుకుతున్నాయి

ఏబీ_స్విచ్:
నేను లైన్‌మన్‌ని. మాది చిన్న సెక్షన్, మూడు ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లు), చుట్టూ మిర్చి, పొగాకు పొలాలు. పోయిన వానాకాలంలో గాలివానకి తెగిన తీగ కడుతుంటే నా తోటి లైన్‌మన్ షాక్ కొట్టి పైనుంచి పడ్డాడు. కింద తాడు పట్టుకుని ఉన్నది నేనే. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే పోయాడు.

అప్పటినుంచి స్తంభం మీద కాలు పెట్టగానే నాకు అరచేతులు చల్లబడి చెమట పడుతోంది. చేతిలో కటింగ్ ప్లయర్ నిలవదు. కింద రైతులు నిలబడి "ఏమైందన్నా, తొందరగా కానీ, మోటార్లు ఆగిపోయాయి" అంటుంటే సిగ్గుతో చచ్చిపోతున్నా.

మా ఆవిడ శుక్రవారం ఉపవాస కూడికలో నాకోసం ప్రార్థన చేయించింది. అక్కడొక పెద్దాయన అందరి ముందూ "భయం సాతానుది, నీ విశ్వాసం సన్నగిల్లింది, పశ్చాత్తాపపడు" అన్నాడు. దేవుడు మనకి పిరికితనముగల ఆత్మ ఇవ్వలేదన్న రెండో తిమోతి 1:7 నాతో బిగ్గరగా చదివించాడు. దేవుడు కాపాడతాడని చెప్పే 91వ కీర్తన రోజూ చదువుకునే డ్యూటీకి వెళ్తున్నా. వణుకు తగ్గట్లేదు. కరెంటు భయం ఒకటైతే, దేవుడికి నామీద కోపం వచ్చిందేమోనన్న భయం ఇంకోటి మొదలైంది. భయపడటం పాపమా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

హల్లెలూయ_హనోక్:
ఆ పెద్దాయన చెప్పింది వాక్యమే కదా బ్రదర్, ఆయన సొంత మాట కాదు. బైబిల్లో "భయపడకుము" అని 365 సార్లు ఉంది, రోజుకొకటి. ప్రకటన 21:8 చూడండి, అగ్నిగుండంలో పడేవాళ్ళ లిస్టులో మొట్టమొదట ఉన్నది పిరికివాళ్ళే. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

సణుగుడు_సత్యం:
రోజుకొకటి అంటే లీపు సంవత్సరం ఫిబ్రవరి 29న మాత్రం భయపడొచ్చన్నమాట. ఏబీ స్విచ్ గారూ, ఆ రోజుకి సెలవు పెట్టుకోండి.

బెరయ_వాసి:
సత్యం గారి జోకు పక్కన పెడితే, ఆ 365 లెక్క నిజం కాదు. బైబిల్లో ఏ మాట ఎక్కడుందో చూపించే కంకార్డెన్స్ ఏదైనా తీసి లెక్కపెట్టండి, అందులో సగం కూడా రాదు. వాట్సాప్‌లో తిరుగుతూ తిరుగుతూ పల్పిట్ ఎక్కేసింది. అయినా దేవుడు ఒక్కసారి చెబితే చాలదా?

ప్రకటన 21:8 సంగతి. ఆ పుస్తకం రాసింది హింసల్లో ఉన్న సంఘాలకి. అక్కడ పిరికివారంటే ప్రాణం కోసం క్రీస్తు ఎవరో తెలియదని తేల్చి చెప్పి అటువైపు వెళ్ళిపోయినవాళ్ళు. స్తంభం మీద చేతులు వణికిన మనిషి కాదు. వణికితేనే అగ్నిగుండమైతే పౌలు పరిస్థితి ఏంటి? మొదటి కొరింథీ 2:3లో "బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను మీయొద్ద నుంటిని" అని ఆయనే రాసుకున్నాడు. రెండో కొరింథీ 7:5లో "వెలుపట పోరాటములు, లోపట భయములు" అన్నాడు. పిరికితనముగల ఆత్మను దేవుడు ఇవ్వలేదని తిమోతికి రాసిన చేత్తోనే ఇదీ రాశాడు. తిమోతికి కూడా ఏదో భయం ఉండబట్టే కదా ఆ మాట రాయాల్సి వచ్చింది!

అంతెందుకు, యేసు సిలువకి ముందు రాత్రి ప్రార్థించిన గెత్సెమనే తోట చూడండి. ప్రభువు "నా ప్రాణము మరణమగునంతగా దుఃఖములో మునిగియున్నది" అన్నాడు. చెమట రక్తబిందువుల్లా నేలమీద పడిందని లూకా రాశాడు. మీ పెద్దాయన ఆ రాత్రి ఆ తోటలో ఉంటే ఏమనేవాడో!

నైట్‌డ్యూటీ_నర్సు:
ఏబీ స్విచ్ అన్నా, నేను ఐసీయూలో స్టాఫ్ నర్సుని. 2021 కోవిడ్ సెకండ్ వేవ్‌లో నాకూ ఇలాగే అయింది. పీపీఈ కిట్ జిప్పు పైకి లాగుతుంటే కడుపులో తిప్పేది. మాస్కు లోపల "నీవు నాకు తోడైయుందువు" అని అనుకుంటూనే వార్డులోకి వెళ్ళేదాన్ని. డ్యూటీ చేశాను, ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. కానీ వేవ్ అయిపోయాక ఇంట్లో గిన్నె కింద పడినా ఉలిక్కిపడటం, నిద్ర పట్టకపోవడం మొదలైంది.

చావు కళ్ళారా చూసినవాళ్ళకి ఇది చాలామందిలో వస్తుంది. విశ్వాసం తగ్గి కాదు, ఒళ్ళు ఆ రోజుని మర్చిపోలేక. నేను సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్ళాను. కొన్నాళ్ళు మాత్రలు వాడాను, కౌన్సెలింగ్ తీసుకున్నాను. ఇప్పుడు బాగానే ఉన్నాను, అదే ఐసీయూలో. ఆ రోజుల్లో ప్రార్థన మానలేదు, మాత్ర కూడా మానలేదు. మీకు దగ్గర్లో డాక్టరు లేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మొదటి రాజులు 19 చదవండి. ప్రవక్త ఏలీయా తనని చంపిస్తానన్న యెజెబెలు రాణికి భయపడి పారిపోయి, బదరీ చెట్టు కింద పడుకుని చచ్చిపోతానన్నాడు. దేవదూత వచ్చి తిట్టాడా? నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళబుడ్డి పెట్టి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకుంటే పడుకోనిచ్చాడు. రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. అంతే. ప్రసంగం లేదు.

సణుగుడు_సత్యం:
మా కూడికల్లో మాత్రం ముందు రెండు గంటల ప్రసంగం, ఆ తర్వాతే ఉప్మా.

సందేహాల_తోమా:
నేను చర్చి మానేసి చాలా కాలమైంది, అయినా ఈ చర్చ చూసి ఆగలేకపోతున్నా. ఏబీ స్విచ్, సూటిగా చెప్తా. 91వ కీర్తన చదివి స్తంభం ఎక్కినవాడికీ, చదవకుండా ఎక్కినవాడికీ 11 కేవీ (పదకొండు వేల వోల్టులు) ఒకటే. మీ స్నేహితుడు ఆ రోజు పొద్దున ఏమీ చదవకుండా వచ్చాడా?

ఏబీ_స్విచ్:
చదివే వచ్చాడు తోమా గారూ. మా ఇద్దరిదీ ఒకటే సంఘం. ఆ మాట కూడికలో ఎవరూ ఎత్తట్లేదు, నేనూ ఎత్తలేదు. నన్ను తినేస్తున్నది అదే.

ఇంకొకటి. కాంట్రాక్టు కుర్రాడొకడు ఉన్నాడు మా దగ్గర, వయసు చిన్నది. గ్లోవ్స్ లేకుండా ఎక్కేస్తుంటాడు. "అన్నా, దూతలు ఎత్తి పట్టుకుంటారని రాసుంది కదా" అంటాడు నవ్వుతూ. సగం వేళాకోళం, సగం నిజంగానే. వాణ్ణి చూస్తే నాకు విశ్వాసం లేదేమో, వాడికి ఉందేమో అనిపిస్తోంది.

బెరయ_వాసి:
ఆ కుర్రాడికి మత్తయి 4వ అధ్యాయం చదివి వినిపించండి, ఈరోజే. దూతలు చేతులతో ఎత్తికొందురన్న 91వ కీర్తన మాటని ఎవరు ఎవరితో అన్నారు? సాతాను, యేసుతో. ఎక్కడ? దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకమని. అంత ఎత్తున నిలబెట్టి, లేఖనం చదివి, ఏమీ కాదు దూకు అన్నాడు. ప్రభువు దూకలేదు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నాడు. గ్లోవ్స్ లేకుండా ఎక్కడం విశ్వాసం కాదు, ఆ శిఖరం మీది శోధనే. ప్రభువు దూకనన్నాడు చూశారా, అది ధైర్యం.

ఇంకో సంగతి, ద్వితీయోపదేశకాండం 22:8. కొత్త ఇల్లు కడితే మిద్దె మీద నుంచి ఎవరూ పడకుండా చుట్టూ పిట్టగోడ కట్టాలి, లేకపోతే ఆ రక్తదోషం ఇంటిమీదికి వస్తుందని ధర్మశాస్త్రం. మోషే కాలంలోనే సేఫ్టీ రూలు!

రిటైర్డ్_ఏఈ:
నేను మీ మతం కాదు, మా ఇంట్లో హనుమాన్ చాలీసా. డిపార్ట్‌మెంట్ మనిషిని, ఏఈగా (అసిస్టెంట్ ఇంజనీరుగా) చేసినవాణ్ణి కాబట్టి మాట్లాడుతున్నా. పైన బెరయ వాసి గారు చెప్పిన పిట్టగోడ సంగతి నాకు బాగా నచ్చింది.

తమ్ముడూ ఏబీ స్విచ్, నీ పేరులోనే ఉంది కాబట్టి నీకు తెలియని సంగతులు కావు, అయినా చెప్తా. సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్లో కరెంటు ఆపామన్న అనుమతి) నీ పేరు మీద తీసుకో, ఫోన్లో నోటిమాట కాదు. ఏబీ స్విచ్ (లైన్‌ని విడదీసే స్విచ్) తెరిచి తాళం వేసి తాళంచెవి నీ జేబులో పెట్టుకో. లైన్లో మిగిలిన కరెంటుని భూమిలోకి దింపే డిశ్చార్జ్ రాడ్ తగిలించు. పనిచేసే చోటికి రెండువైపులా ఎర్త్ కట్టు. చాలామంది సబ్‌స్టేషన్ వైపు ఒక్కటి కట్టి ఊరుకుంటారు. అటు చివర ఎవరింట్లోనో జనరేటర్ వేస్తే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి 11 కేవీగా లైన్లోకి వచ్చేస్తుంది. నా సర్వీసులో ఇలా పోయినవాళ్ళని చూశాను.

నీ భయం నీకు శత్రువని ఎవరన్నారు? భయం లేని లైన్‌మన్‌ని నేను పైకి ఎక్కనిచ్చేవాణ్ణి కాదు. చేతులు వణికేవాణ్ణి కూడా ఎక్కనివ్వకూడదు, అది వేరే సంగతి. మీ ఏఈని అడిగి కొన్నాళ్ళు సబ్‌స్టేషన్ షిఫ్టో, మీటరు పనో చేయించుకో. అడగడానికి సిగ్గెందుకు?

నైట్‌డ్యూటీ_నర్సు:
ఏఈ గారికి నా దండం. నేను చెప్పాల్సిందే మరిచిపోయా, వణుకు తగ్గేదాకా ఎత్తులో పని వద్దు.

హల్లెలూయ_హనోక్:
ఇక్కడ అందరూ కలిసి వాక్యాన్ని పక్కకి నెట్టి డాక్టరు, గ్లోవ్స్, షిఫ్టు అంటున్నారు. అవన్నీ అవిశ్వాసికీ ఉంటాయి. మరి విశ్వాసికి ఉన్నదేంటి? ఇది నేను పుస్తకంలో చదివి చెప్పట్లేదు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి మా నాన్న తాటిచెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్నాడు. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చీకట్లో తెలియలేదట. గొంతు పోయేదాకా 23వ కీర్తన అరుస్తూనే ఉన్నానని చెప్పేవాడు. ఆ కీర్తన లేకపోతే చెయ్యి వదిలేసేవాణ్ణే అనేవాడు. మీరు ఏమన్నా అనండి, ఆ రాత్రి ఆయన దగ్గర డాక్టరు లేడు, గ్లోవ్స్ లేవు.

సందేహాల_తోమా:
హనోక్ గారూ, మీ నాన్నగారంటే గౌరవంతోనే అడుగుతున్నా. ఆ రాత్రి వేలమంది పోయారు. పక్క చెట్టు మీదున్నవాడు కూడా ప్రార్థన చేసుంటాడు కదా?

హల్లెలూయ_హనోక్:
చేశాడు. పక్క చెట్టు మీద ఉన్నది మా చిన్నాన్న. ఆయన గొంతు కొంతసేపు వినబడిందట, తర్వాత ఆగిపోయిందట. నాన్న బతికినన్నాళ్ళూ నవంబరు వస్తే అన్నం సరిగ్గా తినేవాడు కాదు. గాలి హోరెత్తితే లేచి కూర్చునేవాడు. దేవుణ్ణి వదల్లేదు. చిన్నాన్నని ఎందుకు తీసుకెళ్ళాడని అడగడమూ మానలేదు, ప్రార్థనలోనే గట్టిగా అడిగేవాడు.

నైట్‌డ్యూటీ_నర్సు:
గాలి వస్తే లేచి కూర్చున్న నాన్నగారికి విశ్వాసం లేదంటారా హనోక్ గారూ?

హల్లెలూయ_హనోక్:
అననమ్మా. ఆయనకున్నంత విశ్వాసం నేనెవరిలోనూ చూడలేదు. అయినా వాక్యానికి ఉన్న బలం వాక్యానిదే, అక్కడ మాత్రం నేను తగ్గను.

బెరయ_వాసి:
తోమా గారి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు, ఉందన్నవాళ్ళని నేను నమ్మను. అయితే ఆ ప్రశ్న బైబిల్ లోపలే ఉంది. దానియేలు 3లో తన ప్రతిమకి మొక్కకపోతే అగ్నిగుండంలో వేయిస్తానన్న రాజుతో షద్రకు, మేషాకు, అబేద్నెగో ఏమన్నారు? మా దేవుడు మమ్మల్ని ఈ అగ్నిగుండంలోనుంచి తప్పించగలడు, ఒకవేళ తప్పించకపోయినా నీ ప్రతిమకి మొక్కం. ఆ "తప్పించకపోయినా" అన్న ముక్కని మన ప్రసంగాల్లో మింగేస్తాం. ఏమీ కాదన్న గ్యారంటీ మీద నిలబడ్డ ధైర్యమైతే గ్యారంటీ పోగానే పోతుంది. వాళ్ళు గ్యారంటీ లేకుండా నిలబడ్డారు.

ఏబీ స్విచ్ గారి స్నేహితుడు విశ్వాసం తక్కువై చనిపోలేదు. ఇది కూడికలో ఎవరో ఒకరు గట్టిగా చెప్పాలి. అప్పుడుగానీ ఈయన చేతులు కుదుటపడవేమో.

సందేహాల_తోమా:
సరే. ఈ జవాబు చెప్పే పాస్టరు దొరికుంటే నేను మానేసేవాణ్ణి కాదేమో. వస్తానని మాత్రం అనుకోకండి.

సణుగుడు_సత్యం:
ఎవరూ అనుకోలేదు తోమా. నీ పేరుకి న్యాయం చేస్తున్నావు.

కరుణ_టీచర్:
సండే స్కూలు టీచర్ని కాబట్టి నాకు గిద్యోను కథే గుర్తొస్తుంది. శత్రువులైన మిద్యానీయులకి భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్ళగొట్టుకుంటున్న మనిషిని దూత "పరాక్రమముగల బలాఢ్యుడా" అని పిలిచాడు. పిల్లలు ఇక్కడ పడీపడీ నవ్వుతారు.

పెద్దవాళ్ళు వదిలేసే ముక్కలు రెండున్నాయి ఆ కథలో. యుద్ధానికి వచ్చినవాళ్ళలో భయపడేవాళ్ళు ఇంటికి వెళ్ళిపోవచ్చని దేవుడే చెప్పించాడు. 22 వేలమంది వెళ్ళిపోయారు, 10 వేలమంది మిగిలారు. వెళ్ళినవాళ్ళకి శిక్ష లేదు, తిట్టు లేదు. ఏఈ గారు చెప్పిన సబ్‌స్టేషన్ షిఫ్టు అడగడానికి ఏబీ స్విచ్ గారికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండోది, 300 మంది మిగిలాక, ఆ రాత్రి దేవుడు గిద్యోనుతో, దండులోకి ఒక్కడివే పోవడానికి భయమైతే నీ పనివాడు పూరాని వెంటబెట్టుకుని పో అన్నాడు. అంత దేవుడు "నేనున్నాగా, పూరా ఎందుకు" అనలేదు! గిద్యోను కూడా మొహమాటపడకుండా పూరాని తీసుకునే వెళ్ళాడు. శత్రువు డేరాలో వాళ్ళే భయపడి కలల గురించి చెప్పుకుంటుంటే విని, అప్పుడు ధైర్యం తెచ్చుకున్నాడు. మీ సెక్షన్లో మీకు పూరా ఎవరు? ముందు ఆయన్ని వెతుక్కోండి.

డాలస్_దావీదు:
కరుణ టీచర్ గారు చెప్పింది ఇప్పటికి ఇక్కడ వచ్చినవాటిలో బెస్టు. దీనికి ఒకటి జతచేస్తా. అమెరికాలో నల్లజాతివాళ్ళ హక్కుల కోసం పోరాడిన పాస్టరు మార్టిన్ లూథర్ కింగ్ గురించి మనమంతా పెద్ద ప్రసంగాలే వింటాం. 1956 జనవరిలో మాంట్‌గోమరీలో వివక్షకి నిరసనగా బస్సుల బహిష్కరణ నడుస్తున్నప్పుడు ఒక అర్ధరాత్రి బెదిరింపు ఫోన్ వచ్చింది. ఆయనకి నిద్ర పట్టలేదు. వంటగదిలోకి వెళ్ళి కాఫీ పెట్టుకుని, గౌరవంగా దీన్నుంచి ఎలా తప్పుకోవాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. నేను బలహీనుణ్ణి అయిపోతున్నాను, నా ధైర్యం పోతోంది అని ఆ టేబుల్ దగ్గరే బయటికి ప్రార్థన చేశాడు. నేను నీతో ఉంటానన్న స్వరం లోపల వినబడిందని తర్వాత ఆయనే రాశాడు. మూడు రోజులకి ఇంటిమీద బాంబు పడింది, భార్య, పసిబిడ్డ లోపలున్నారు, దేవుడి దయవల్ల వాళ్ళకేమీ కాలేదు. ఆయన వచ్చి, వాకిట్లో కోపంతో ఊగిపోతున్న జనాన్ని శాంతంగా ఇళ్ళకి పంపించాడు.

ధైర్యం పోతోందని దేవుడి ముందు ఒప్పుకున్న మనిషే అలా నిలబడగలిగాడు. దేవుడి ముందు కూడా ధైర్యం నటించేవాళ్ళం మనం.

సణుగుడు_సత్యం:
దావీదన్నా, చివరి లైను నన్నే అన్నావా?

ఒంగోలు_మనవరాలు:
దూరదేశాల దాకా ఎందుకు, మా జిల్లాలోనే చూడండి. 1876-78 కరువు తర్వాత, 1878 జులైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని అందరూ సంఖ్య చెప్పుకుంటారు. ఆ తర్వాత పల్లెల్లో వాళ్ళు ఎలా బతికారన్నది చెప్పరు. ఆదివారం పనికి రాము, జాతరలో డప్పు కొట్టము అన్నందుకు పని ఇవ్వలేదు, నీళ్ళు ఇవ్వలేదు. వాళ్ళకి చదవడం కూడా రాదు, వాక్యం చెవులతో విని పట్టుకున్నవాళ్ళు. మా జేజి చెప్పేది, వాళ్ళ జేజమ్మ రాత్రి కుక్క మొరిగితే వణికిపోయేదట, కానీ ఆదివారం ప్రార్థనకి పోవడం మాత్రం ఎప్పుడూ మానలేదట.

కరుణ_టీచర్:
ఆ జేజమ్మ సంగతి ఈ ఆదివారం పిల్లలకి చెప్పొచ్చా?

ఒంగోలు_మనవరాలు:
చెప్పండి మేడం. కుక్క సంగతి కూడా చెప్పండి.

ఏబీ_స్విచ్:
అందరి పోస్టులూ చదివాను, కొన్ని మా ఆవిడకి చదివి వినిపించాను. దానియేలు సంగతి వచ్చేసరికి ఇద్దరం ఏడ్చాం. నా స్నేహితుడు పోయాక ఏడవడం అదే మొదటిసారి.

14416కి ఫోన్ చేశా. ఒక అమ్మాయి ఓపిగ్గా మాట్లాడింది, జిల్లా ఆసుపత్రిలో డాక్టరు దగ్గరికి వెళ్ళమంది, వెళ్ళబోతున్నా. మా సెక్షన్ ఏఈ గారిని అడిగితే సబ్‌స్టేషన్ షిఫ్టుకి వేశారు, ఏమీ అనలేదు. పైగా ఆయనకి కూడా ఒకప్పుడు ఇలాగే అయిందట. ఎవడికి వాడు దాచుకుంటున్నాం.

షిఫ్టులో నా పని ఇప్పుడు ఎల్‌సీలు ఇవ్వడం. ఆ కాంట్రాక్టు కుర్రాడు నిన్న ఫోన్లో ఎల్‌సీ అడిగాడు. రాతలో లేనిదే ఇవ్వనన్నా. "ఏంటన్నా, విశ్వాసం లేదా" అన్నాడు. మత్తయి 4 చదివి రా, అప్పుడు మాట్లాడదాం అన్నా. గంట తర్వాత గ్లోవ్స్ వేసుకుని సెల్ఫీ పంపాడు. ఎర్త్ రాడ్లు రెండువైపులా పెట్టిన ఫోటో కూడా పంపమన్నా, విసుక్కున్నాడు, పంపాడు.

91వ కీర్తన మానలేదు. దాంతోపాటు 56వ కీర్తనలోని ఒక మాట కూడా పట్టుకున్నా, "నాకు భయము సంభవించు దినమున నిన్ను ఆశ్రయించుచున్నాను". భయం సంభవించదని ఎక్కడా లేదు అందులో.

హల్లెలూయ_హనోక్:
బ్రదర్, ఆ కూడిక పెద్దాయనతో నేను మాట్లాడమంటే మాట్లాడతా. మాదీ పెద్దరికమే కాబట్టి కాస్త వింటాడు.

రిటైర్డ్_ఏఈ:
మంచి పని చేశావు తమ్ముడూ. ఇది చదువుతున్న మిగతావాళ్ళకి ఒక విన్నపం. ఇంట్లో గానీ, షాపులో గానీ, మీ చర్చిలో గానీ జనరేటర్ ఉంటే దానికి చేంజోవర్ స్విచ్ (బయటి లైన్‌ని విడదీసి జనరేటర్‌కి మార్చేది) ఉందో లేదో చూడండి. లేకుండా నేరుగా మెయిన్‌కి తగిలిస్తే మీరు పాటలు పాడుకుంటున్నప్పుడు స్తంభం మీదున్నవాడు పోతాడు.

కరుణ_టీచర్:
ఇప్పుడే వెళ్ళి మా చర్చి జనరేటర్ చూసొచ్చా. వైరు తీసుకెళ్ళి నేరుగా బోర్డులో గుచ్చారు. స్విచ్ లేదు.

రిటైర్డ్_ఏఈ:
ఈ ఆదివారం అది ఆన్ చేయకండి అమ్మా. ఫ్యాన్లు లేకపోతే కిటికీలు తీసుకోండి.

కరుణ_టీచర్:
పాస్టరు గారికి ఫోన్ చేశా. కమిటీలో పెట్టి, కానుకల లెక్క చూసి అప్పుడు చేద్దామంటున్నారు.

హల్లెలూయ_హనోక్:
కమిటీ ఏంటి సిస్టర్, ద్వితీయోపదేశకాండం 22:8 చూపించండి. స్విచ్ డబ్బులు నేను పంపిస్తా, ఎలక్ట్రీషియన్‌ని రేపే పిలవండి.